పెళ్ళిపీటల మెరుగు

"ఇవాళ మెరుగేనా?"

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ సత్యకుమారి అడిగే మొదటి మాట ఇదే. ఆవిడ అడిగేది మొగుడి భుజం సంగతి. కానీ వీరాస్వామి చెవిలో ఆ మాట భుజం దగ్గర ఆగేది కాదు, సూటిగా వెళ్ళి గుండెల్లో గుచ్చుకునేది. తణుకు చుట్టుపక్కల మెరుగు అంటే వీరాస్వామి, వీరాస్వామి అంటే మెరుగు. ఊరినిండా మిషన్‌తో కొట్టే పాలిష్‌లు వచ్చాయి గానీ, లక్క మెరుగు కావాలనుకున్నవాళ్ళు ఇప్పటికీ కాలవ గట్టు మీది ఈ రేకుల షెడ్డుకే వస్తారు. పైపై మెరుగులు అని లోకులు తేలిగ్గా అనేస్తారే, ఆ మాట వింటే అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మెరుగు పైన పూసేది కాదు, చెక్కలోంచి బయటికి రప్పించేది అని అతని వాదం. అలాంటివాణ్ణి పట్టుకుని కట్టుకున్న పెళ్ళామే రోజూ "మెరుగేనా?" అంటే ఎలా ఉంటుంది మరి?

"ఏం మెరుగు! నిన్నెంతో ఇవాళా అంతే" అన్నాడు గ్లాసు ఎడంచేత్తో అందుకుంటూ.

కుడిచెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. భుజం పట్టేసిందన్నారు డాక్టరు గారు. ఆసుపత్రిలో క్రిస్టినా అనే అమ్మాయి గోడకి ఎదురుగా నిలబెట్టి, "వేళ్ళతో గోడెక్కండి అంకుల్, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంది. వేళ్ళు గడ్డం ఎత్తు దాకా పాకి ఆగిపోతాయి. నెమ్మదిగా మెరుగవుతుందండి అంటుంది ఆ పిల్ల కూడా. ఈ లోకంలో ఇంకో మాటే లేనట్టు!

భుజం పట్టెయ్యడానికీ ఒక సమయం ఉండాలి కదా. పల్లంరాజు గారి పెళ్ళిపీటలు సగంలో ఉండగా పట్టేసింది. శ్రావణంలో ఆయన కూతురు దేవిశ్రీ పెళ్ళి, అన్నవరం కొండ మీద. పీటలు మాత్రం మనవే ఉండాలని పట్టుబట్టి, పాత టేకు దూలం కోయించి జత చేయించారు. అంచున సన్నటి లతలు, నాలుగు పొట్టి కాళ్ళు, ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టుంటాయి. అందులో ఒకటి వీరాస్వామి పూర్తి చేశాడు. రెండోదాని మీద ఉప్పుకాగితం పట్టడం అయిందో లేదో, చెయ్యి మొరాయించింది.

"పూతలు నువ్వు వేస్తూ ఉండు. ఆఖర్న నేను చెయ్యి పడతాలే" అన్నాడు పెళ్ళాంతో.

సత్యకుమారికి పని కొత్త కాదు. లక్క నానబెట్టడం, స్పిరిట్టు కలపడం, పాత పంచె చింపి అందులో పత్తి చుట్టి ముద్ద కట్టడం, ఉప్పుకాగితంతో చెక్క రుద్దడం, ఇవన్నీ కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆవిడవే. ముద్ద మాత్రం ఏనాడూ చెక్క మీద పెట్టలేదు. అది అతని పని. అలాంటిది ఈసారి పెట్టింది. ముద్ద పట్టెయ్యకుండా ఒక్క చుక్క నూనె తగిలించి, సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ, చెక్క మధ్యలో ఎక్కడా ఆగకుండా అంచు దాటాకే చెయ్యి ఎత్తుతూ, రోజూ వంటయ్యాక కూర్చుని పూత మీద పూత వేసింది. ఆఖర్న అతని చెయ్యి కోసం చూడలేదు. చూడాల్సినంత మిగల్లేదు. ఒక సాయంత్రం అతను ఆసుపత్రినుంచి వచ్చేసరికి పీట నిగనిగలాడుతోంది.

"పర్లేదు" అన్నాడు వీరాస్వామి. ఆ ఒక్క మాట గొంతు దాటడానికి చేపముల్లంత ఇబ్బంది పెట్టింది.

తను చేసినదాన్ని కిటికీ పక్కనా, ఆవిడ చేసినదాన్ని గోడ పక్కనా బల్ల మీద పెట్టి గుడ్డ కప్పాడు.

పల్లంరాజు గారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన రోజున తెల్లారుజామునుంచీ చినుకులే. వీరాస్వామి అప్పుడే ఆసుపత్రినుంచి వచ్చి తల తుడుచుకుంటున్నాడు.

"కిటికీ వైపు రేకు కారిందండీ. సామాను అటూ ఇటూ సర్దాను" అని సత్యకుమారి చెబుతూనే ఉంది, వాకిట్లో కారు ఆగింది. అతను చేతిలో తువ్వాలు ఆవిడ మీదికి విసిరి ఎదురెళ్ళాడు.

"ఏమయ్యా వీరాస్వామీ, భుజం మెరుగేనా?" అన్నారు పల్లంరాజు గారు గొడుగు ముడుస్తూ.

"ఆయ్, మీ దయవల్ల. రండి బాబూ. జాగ్రత్తమ్మా, మెట్టు తడిగా ఉంది."

గుడ్డ తీశాడు. ఆ పిల్ల ఒక్కసారి ఊపిరి పీల్చింది. వంగి ముందు కిటికీ వైపు పీట చూసింది, బాగుందంది. తర్వాత గోడ వైపు పీట దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. అరచెయ్యి దాని మీద ఆనించకుండానే పైపైన తిప్పింది. ముఖం ఇంకా దగ్గరగా తీసుకెళ్ళి, చెదిరిన ముంగురులు సర్దుకుంది, అద్దంలో చూసుకుని సర్దుకున్నట్టే.

"నాన్నా, ఇది చూడండి. రెండూ బాగున్నాయి గానీ రెండిట్లో ఇదే మెరుగు. నేను దీని మీదే కూర్చుంటాను."

పల్లంరాజు గారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "నిజమేనే. దీన్లో ఏదో లోతుంది. వీరాస్వామీ, ఏం చేశావయ్యా దీనికి?"

వీరాస్వామికి చెవులు గుయ్‌మన్నాయి. గోడ వైపుది సత్యకుమారిది. నిన్న గాక మొన్న ముద్ద పట్టిన మనిషిది. ఇన్నేళ్ళుగా తను స్పిరిట్టు వాసనలో ఊపిరితిత్తులు తగలేసుకుని సంపాదించుకున్న మాట, లోతుంది అన్న మాట, వచ్చిన పది నిమిషాల్లో ఎత్తుకెళ్ళి దాని మీద పెట్టేశారు.

"ఇది కూడా మీరే చేశారాండి? మీ చెయ్యి బాలేదన్నారుగా, నాన్న చెప్పారు" అంది దేవిశ్రీ.

సరిగ్గా అప్పుడే మజ్జిగ గ్లాసులు పట్టుకుని సత్యకుమారి గుమ్మంలోకి వచ్చింది. వీరాస్వామి ఆవిడని చూశాడు. చూసి కూడా అన్నాడు.

"రెండూ నావేనమ్మా."

సత్యకుమారి గ్లాసులు ఇచ్చి, "తాగండి బాబూ, అల్లం వేశాను" అంది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. దెబ్బలాడినా బాగుండేది. అదీ లేకపోయేసరికి అతనికి ఇంకా ఒళ్ళు మండింది. తప్పు తను చేసి, కోపం కూడా తనే తెచ్చుకోవడం కొందరికే చేతనవుతుంది. వీరాస్వామికి బాగా చేతనవును.

ఆ పూట అన్నంలో పులుసు పుల్లగా ఉందన్నాడు. ముక్కలు ఉడకలేదన్నాడు. పులుసుకేం, అది ఎప్పటిలాగే ఉంది. పులిసింది అతని కడుపు.

మర్నాడు ముసురు పట్టింది. వీరాస్వామి బల్ల ముందు స్టూలు వేసుకుని రెండు పీటల్నీ చూస్తూ కూర్చున్నాడు. ముందు కిటికీ వైపుదాన్ని చూశాడు. ఎంత నిదానం, ఎంత ఒద్దిక! ఇదీ చెయ్యి తిరిగినవాడి పని అనుకున్నాడు. దాని అంచు మీద వేలితో రాస్తే పిల్లవాడి బుగ్గ తాకినట్టుంది. తర్వాత గోడ వైపు చూశాడు. వెంటనే తప్పులు వెతికాడు. వంపుల్లో పూత ఎక్కువైందేమో అని లతల సందుల్లోకి తొంగి చూశాడు. లేదు. కాళ్ళ మొదట్లో జిగట మిగిలిందేమో అని గోటితో గీకాడు. లేదు. ఊరికే పైకి తళతళలాడుతోంది, పైన పటారం లోన లొటారం అనుకోబోయాడు. అనుకోలేకపోయాడు. ముప్ఫయ్యేళ్ళ కన్ను అబద్ధం ఆడనివ్వలేదు. ఎక్కడో చెక్క అడుగునుంచి తేనె రంగు వెలుగు నెమ్మదిగా పైకొచ్చి నిలబడింది. దీని ముందు కిటికీ వైపుది ఒక్క వీసం తక్కువే. తక్కువని తెలియడమే నరకం.

ఎప్పుడు నేర్చుకుంది ఇది? తను పని చేస్తుంటే పక్కన కూర్చుని పత్తి విడదీస్తూ, పోపు వాసనతో లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చుంటూ, కళ్ళతో దొంగిలించేసిందా? నేర్పమని ఒక్కసారి అడిగిందా? అడిగితే నేర్పేవాడే. కాదు, నేర్పేవాడు కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"ఏవండీ, ఆ పీటలు నిన్న..." అంటూ సత్యకుమారి లోపల్నించి వచ్చింది.

"పీటల సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

"అది కాదండీ, వాన కారినప్పుడు..."

"చెప్పక్కర్లేదన్నానా? నిన్న ఎవరో రెండు మంచి మాటలన్నారని అప్పుడే మేస్త్రీవైపోయావా?"

సత్యకుమారి గొడుగు తీసుకుంది. "స్పిరిట్టు అయిపోవచ్చింది. బజారుకెళ్ళి సీసా పట్టుకొస్తాను. ఎండొచ్చిందాకా పీటల మీద గుడ్డ తియ్యకండి, చెమ్మగా ఉంది" అని చెప్పి వెళ్ళింది.

చూశారా, చెమ్మ సంగతి కూడా అదే చెబుతోంది! ముసురులో ముద్ద పట్టకూడదన్నది వీరాస్వామి మాట. చెమ్మగాలిలో స్పిరిట్టు తగిలిందంటే లక్క తెల్లబారుతుంది, బూజు పట్టినట్టు, ముసలి కంట్లో పువ్వు వేసినట్టు. పచ్చి చెక్కనైనా దారికి తేవచ్చుగానీ ముసురులో వేసిన పూతని దేవుడు కూడా మెచ్చడని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఇప్పుడు ఆ మాటే అతని బుర్రలో తిరగడం మొదలెట్టింది, వేరే దారిలో.

కిటికీ తెరిచాడు. తడి గాలి షెడ్డులోకి దూసుకొచ్చింది. ఎడంచేత్తోనే గోడ వైపు పీటని బల్ల అంచు దాకా లాగాడు. పాడు చెయ్యడానికి కాదు, ఒక్క పూత వేసి చూస్తాను, ఆవిడ పూత ఎంత గట్టిదో తెలుస్తుంది అని తనకి తనే చెప్పుకున్నాడు. మనిషి ఇంకొకడికి చెప్పే అబద్ధం కంటే తనకి చెప్పుకునేదే నున్నగా ఉంటుంది. డబ్బాలోంచి ముద్ద తీసి సీసా అడుగున మిగిలిన స్పిరిట్టు దాని మీద ఒంపాడు. ఎడంచేతికి సున్నాలు రాలేదు, అడ్డదిడ్డంగా వచ్చాయి. పూర్తిగా తిప్పకముందే మధ్యలో ఒక తెల్లటి మరక పుట్టింది. అది కళ్ళముందే పాకింది. లతల మీదికి ఎక్కింది. తేనె రంగు వెలుగు వెనక్కి, ఇంకా వెనక్కి పోయి, పాలు ఒలికిన నీళ్ళ అడుక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడేదీ మెరుగు?

అలా అనుకున్నాడు. కానీ అనుకున్నంత హాయిగా లేదు. కిటికీ మూశాడు, పీటని ఎప్పటి చోటికి నెట్టాడు, గుడ్డ కప్పాడు. మంచం మీదికెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సత్యకుమారి వచ్చిన చప్పుడు విన్నాడు. గొడుగు దులిపింది. సీసా బల్ల మీద పెట్టింది. గుడ్డ కింద చెమ్మ చేరిందేమోనని ఎత్తి చూసినట్టుంది.

"ఏవండీ" అంది. ఆ గొంతు విని అతను లేచి వచ్చాడు.

"అయ్యో, ఎంత పని జరిగిందండీ! మీ పీట తెల్లబారిపోయింది."

"నా పీటేంటి? నాది కిటికీ దగ్గరుంది."

"కిటికీ దగ్గరిది నాదండీ. నిన్న రేకు కారింది కదా, మీది తడవకూడదని గోడ వైపు ఒద్దిగ్గా పెట్టి, నాదాన్ని అటు జరిపాను. తడిస్తే నాది తడుస్తుందిలే అనుకున్నాను. అదే చెబుదామంటే మీరు విన్నారా?"

వీరాస్వామి నమ్మలేదు. నమ్మలేక నోరు తెరిచాడు. సత్యకుమారి మాట్లాడకుండా ఆ తెల్లబారిన పీటని రెండు చేతులా ఎత్తి తిరగేసింది. అడుగున, ఎడమ మూల, లక్కలో అచ్చు దిగిన బొటనవేలి ముద్ర ఉంది. మొదటి పూత ఆరిందో లేదో చూడ్డానికి అడుగువైపు వేలు నొక్కడం అతని అలవాటు. అతని చేతుల్లోంచి వెళ్ళిన ప్రతి మంచం కిందా, ప్రతి బల్ల కిందా అది ఉంటుంది. ఎవరు అడిగినా అదే నా సంతకం అనేవాడు. తిరగేసి చూసుకోవాలన్న ఆలోచనే అతనికి రాలేదు. సొంత పిల్లాణ్ణి పుట్టుమచ్చ చూసి గుర్తుపడతాడా ఎవడైనా?

గుర్తుపట్టలేదు మరి. చీకట్లో తడిమినా నా చెయ్యి నాకు తెలుస్తుంది అని ఊరందరి దగ్గరా కోతలు కోసినవాడు పట్టపగలు తన పీటని తనే చూసి కుళ్ళుకున్నాడు. పెళ్ళాం చేసినదాన్ని తనదనుకుని నిమిరాడు, మెచ్చుకున్నాడు. ఆ రాజు గారి పిల్ల ఎంచుకున్నది తన పనినే. లోతుందన్నది తన పీటనే. తను కోరుకున్న మాట తనకే వచ్చింది. వచ్చినదాన్ని చేజేతులా చెరుపుకున్నాడు.

"చెమ్మ ఎక్కినట్టుంది. చోటు మార్చకుండా ఉన్నా బాగుండేది" అంది సత్యకుమారి పీటని కొంగుతో తుడుస్తూ. "నాదానికి పట్టినా పోయేది. మీదానికే పట్టాలా?"

ఆ మాటకి వీరాస్వామి స్టూలు మీద కూలబడ్డాడు. నేనే చేశానని చెప్పాలి. చెప్పే బదులు ఎడంచెయ్యి పంచెకి తుడుచుకున్నాడు.

సత్యకుమారి తుడుస్తూ తుడుస్తూ ఆగింది. పీట మీదికి వంగి వాసన చూసింది. బల్ల కింద మూత తీసిన డబ్బా చూసింది. పక్కన నేల మీద పత్తి ముద్ద పడి ఉంది. దాన్ని తీసి వేళ్ళతో నొక్కింది. ఆ తర్వాత మొగుడి ఎడంచేతి వేళ్ళు చూసింది. లక్క అంటుకుని ఎర్రగా ఉన్నాయి.

వాన రేకుల మీద పడుతూనే ఉంది.

"ముద్ద వాడాక డబ్బాలో పెట్టి మూత పెట్టాలండీ" అంది. "చూడండి, అంచులు గట్టిపడిపోయాయి. మళ్ళీ కొత్తది కట్టుకోవాలి."

అంతే. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట పులుసు ఎలా ఉందో వీరాస్వామి చెప్పలేదు. ఆవిడ వడ్డించి, తను కూడా అక్కడే కూర్చుని, అతని వైపు చూడకుండా తింది.

ఎండ రావడానికి రెండు మూడు రోజులు పట్టింది. వచ్చిన పొద్దున సత్యకుమారి పీటని వాకిట్లోకి తెచ్చి చాప మీద పెట్టింది. కొత్త ముద్ద కట్టింది. వీరాస్వామి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నేను పట్టనా?" అన్నాడు. అడిగాక కుడిచెయ్యి ఎత్తబోయాడు. గోడ ఆసరా లేక అది పక్కటెముకల దగ్గరే ఆగిపోయింది.

"మీరు చూస్తూ ఉండండి. ఎక్కడైనా ఎక్కువైతే చెప్పండి."

ఆవిడ స్పిరిట్టు తక్కువగా తగిలించి మొదటి సున్నా చుట్టింది. తెలుపు కదిలింది. రెండోది, మూడోది. చెయ్యి ఎక్కడా తొందరపడలేదు. అంచు దాటాకే లేచింది. ఇప్పుడు చూశాడు వీరాస్వామి, నిజంగా చూశాడు. మణికట్టు తిప్పే తీరు తనదే. ముద్ద ఎత్తేముందు చిటికెనవేలు కొంచెం పైకి లేపడం కూడా తనదే. తనకే తెలియని తన అలవాటు అది. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని ఆవిడ దొంగిలించింది కాదు, దాచిపెట్టింది. ఈ భుజం ఇలాగే ఉండిపోతే తన చెయ్యి మిగిలేది ఆవిడ చేతిలోనే. అలా అనుకున్నా అసూయ పూర్తిగా పోయిందని చెప్పలేం. ఒక మూల ఇంకా చురుక్కుమంటూనే ఉంది. కాకపోతే దాని పక్కన సిగ్గు కూడా వచ్చి కూర్చుంది.

"ఆ మూల ఒకసారి" అన్నాడు.

"చూశాను" అంది ఆవిడ, అప్పటికే అటు తిప్పుతూ.

మూడో రోజు సాయంత్రానికి తేనె రంగు మళ్ళీ పైకొచ్చింది.

పల్లంరాజు గారు పీటలు తీసుకెళ్ళడానికి వచ్చారు, కూతురితో. దేవిశ్రీ రెండు పీటల చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"నాన్నా, ఆ రోజు నేను ఎంచుకున్నది ఏది? ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయే!"

"ఉండవూ మరి? ఒక చేతి పని కదమ్మా" అని పల్లంరాజు గారు వీరాస్వామి వీపు తట్టబోయి, భుజం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఈ మెరుగు ఇంకెవరికొస్తుందయ్యా?"

సత్యకుమారి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో మజ్జిగ గ్లాసులతో.

"రెండూ ఆవిడవేనండి" అన్నాడు వీరాస్వామి.

పల్లంరాజు గారు నవ్వారు. "అదేంటయ్యా? మొన్న రెండూ నావే అన్నావు?"

"మొన్న అబద్ధం చెప్పానండి. అప్పటికి ఒకటి ఆవిడది. రెండోది నాదే, దాన్ని నేనే పాడు చేస్తే, ఆవిడ కూర్చుని మళ్ళీ మనిషిని చేసింది. ఇప్పుడు రెండూ ఆవిడవే."

దేవిశ్రీ గుమ్మం వైపు తిరిగింది. "మీరాండి?" అంది, గ్లాసు అందుకోవడం కూడా మరిచిపోయి. సత్యకుమారి ఆ పిల్ల వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది. చూసి, "మజ్జిగ తాగండమ్మా" అంది.

కారు వెళ్ళిపోయాక ఆవిడ నేల తుడిచింది. అతను ముద్దని డబ్బాలో పెట్టి ఎడంచేత్తో మూత గట్టిగా నొక్కాడు.

మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తూ సత్యకుమారి అడిగింది.

"ఇవాళ మెరుగేనా?"

వీరాస్వామి చెయ్యి ఎత్తి చూశాడు. నిన్న ఎక్కడ ఆగిందో ఇవాళా అక్కడే ఆగింది, వెంట్రుకవాసి కూడా పైకి పోలేదు.

"మెరుగే" అన్నాడు.